కింది ఇంటి పగడం

పగడానికి ప్రాణం ఉంటుందని నాకు ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా తెలియదు. నాకు తెలిసిన పగడం ఒక్కటే, కుజదోషం పోవాలని పెళ్లికి ముందు మా అమ్మ వరంగల్‌లో చేయించి నా వేలికి తొడిగిన ఉంగరంలోని ఎర్రరాయి. అలాంటిది, జర్మనీలో, కార్ల్స్‌రూహెలో మా కింది ఇంటావిడ నన్ను తన హాల్లో ఉప్పునీళ్ల అక్వేరియం ముందు నిలబెట్టి, "ఇది రాయి కాదు, మొక్కా కాదు, జంతువు. వెలుగు తిని బతుకుతుంది" అన్నప్పుడు మర్యాద కోసం తలూపాను. పైకి వచ్చి మా ఆయనతో, "కిందామె రాయిని సాదుకుంటున్నది" అని నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంటగా ఉంటుంది.

ఆవిడది డెబ్బై దాటిన వయసు. మేం ఆ బిల్డింగ్‌లోకి వచ్చిన కొత్తలో ఏ చెత్త ఏ డబ్బాలో వెయ్యాలో దగ్గరుండి నేర్పింది. మేం ఆఫీసుల్లో ఉంటే మా పార్సిళ్లన్నీ తనే తీసుకుని పెట్టేది. మొహమాటం అన్నది ఆవిడ ఒంట్లో లేదు. "మీ తాలింపు వాసన నా కర్టెన్లకి పట్టింది, వండేటప్పుడు కిటికీ తెరవండి" అని ముఖం మీదే చెప్పేది. మరుసటి వారం అంతే సూటిగా, "ఆ పుల్లటి చారు మిగిలితే నాకో గిన్నె ఇవ్వండి" అని అడిగేది. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత తర్వాత అదే నచ్చింది. ఆవిడ బాగుందంటే బాగున్నట్టు, లేదంటే లేనట్టు. వెనకాల ఇంకో అర్థం వెతుక్కునే పని లేదు.

ఆ అక్వేరియం ఆవిడ భర్తది. ఆయన పోయి రెండేళ్లయింది. పదకొండేళ్ల కిందట ఆయన గోరంత పగడపు ముక్కను తెచ్చి బండకు అతికించాడట. నేను చూసేనాటికి అది రెండు దోసిళ్లంత అయింది, గులాబీ రంగులో, కొమ్మలు కొమ్మలుగా. పొద్దున పదకొండింటికి పైనున్న లైటు దానంతటదే వెలిగేది. ఆవిడ కాఫీ కప్పుతో వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేది. "ఆయన పోయాక చాలా రోజులు మంచం మీంచి లేవాలనిపించలేదు. దీనికి నీళ్లు పోయాలి కదా అని లేచేదాన్ని" అని ఒకసారి మామూలుగా, కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు చెప్పింది. అంటే ఆ పగడం పోతే ఆవిడకు ఏం పోతుందో నాకు తెలియదని నేను అనడానికి లేదు.

అక్టోబరులో ఆవిడ స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది. అంబులెన్సు వాళ్లు స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే నేను ఆఫీసుకు బయల్దేరుతూ ఎదురుపడ్డాను. అంత నొప్పిలోనూ నా చెయ్యి పట్టుకుని తాళాల గుత్తి పెట్టింది. "మూడు వారాలు. పగడాన్ని ఎలా చూసుకోవాలో రాసిన కాగితం ఎప్పుడూ టేబుల్ మీదే ఉంటుంది. ఏదైనా తేడా వస్తే ఫోన్ చెయ్యండి." గుత్తికి ఇంటి తాళంచెవితో పాటు చిన్న ఇత్తడిది ఇంకోటి ఉంది. అది దేనిదో నేను అడగలేదు.

మూడు వారాలు కాస్తా మూడు నెలలయ్యాయి. ఆపరేషన్ చేసిన చోట చీము పట్టింది, మళ్లీ కోశారు, తర్వాత ఊరికి దూరంగా అడవి అంచున ఉన్న రీహాకి పంపారు. రీహా అంటే ఆపరేషన్ తర్వాత మనిషికి మళ్లీ నడక నేర్పే చోటు. ప్రతి ఆదివారం నాలుగింటికి నాకు ఫోన్ చేసేది. "ఈ రోజు బాగా లేను. కాలు కిందపెడితే ప్రాణం పోతోంది. పొద్దున ఏడ్చాను" అని ఉన్నది ఉన్నట్టు చెప్పి, "నా పగడం ఎలా ఉంది?" అనేది. నేను ఫోటో పంపేదాన్ని. ఫోటో చూశాక గొంతు మారేది. "సరే, అయితే రేపు ఇంకో పది అడుగులు వేస్తాను" అనేది.

మొదటి నెల అంతా సవ్యంగానే సాగింది. రోజూ ఆవిరైపోయినన్ని మంచినీళ్లు పోయడం, ఉప్పు ఎంతుందో చూడడం, నారింజ చారల చేపలు రెండుంటే వాటికి చిటికెడు మేత వెయ్యడం. నాకు గర్వంగా కూడా ఉండింది. నవంబరులో ఒక శనివారం సాయంత్రం నేను కిందికి వెళ్లేసరికి హాలు చీకటిగా ఉంది. లైటు పెట్టెలోంచి కాలిన వాసన. మీట నొక్కాను, ప్లగ్ తీసి పెట్టాను, పైన ఒకటి కొట్టి కూడా చూశాను. ఊహూఁ.

మా ఆయనను పిలిచాను. ఆయనది గుంటూరు, ఇంజనీరు. పెట్టెను అటూ ఇటూ తిప్పి వాసన చూసి, "చచ్చింది" అన్నాడు.

"బాగు చెయ్యరాదా?"

"నేను కార్లకు సాఫ్ట్‌వేర్ రాస్తానే తల్లీ, ట్యూబ్‌లైట్లకు కాదు. కొత్తది కొందాం, దానిదేముంది."

దానిదేముంది అనుకున్నది ఇద్దరమూనూ. మరునాడు ఆదివారం, ఈ దేశంలో దుకాణాలన్నీ మూత, కుక్క బిస్కెట్ కూడా దొరకదు. సోమవారం అక్వేరియం సామాను అమ్మే చేపల దుకాణానికి సెలవు. మంగళవారం ట్రామ్ ఎక్కి ఊరి చివరిదాకా వెళ్తే, ఉప్పునీళ్ల అక్వేరియం సంగతి తెలిసినాయన బుధవారమే వస్తాడు, అదీ టెర్మిన్, అంటే ముందుగా అపాయింట్‌మెంట్, తీసుకుంటేనే మాట్లాడతాడు అన్నారు. చేపల లైటుకు టెర్మిన్! అక్కడే కూర్చుని ఏడుద్దామనిపించింది.

ఈ మధ్యలోనే ఆదివారం ఫోన్ వచ్చింది. అసలు తప్పు ఇక్కడ జరిగింది.

మా ఇళ్లల్లో మంచం మీదున్న మనిషికి చెడ్డమాట చెప్పరు. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, చెప్పులు బయట విప్పినట్టు అలవాటైపోతుంది. నేను మాస్టర్స్ చదువుతుండగా పరీక్షల ముందు మా అమ్మమ్మ చనిపోయింది. ఇరవై రోజుల పాటు నాకు ఫోన్‌లో "పడుకున్నది బిడ్డా", "గుడికి పోయింది బిడ్డా" అన్నారు. ఆఖరి పరీక్ష రాసొచ్చాక చెప్పారు. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. నేను హాస్టల్ గదిలో పెట్టిన కేకలకు పక్క గది పిల్లలు తలుపు కొట్టారు. "నన్నేమనుకున్నరు మీరు? నాకు చెప్పకుండ ఎట్ల దాస్తరు?" అని అమ్మతో పది రోజులు మాట్లాడలేదు. ఇంత చేసిన మనిషిని, ఆ ఆదివారం నాలుగింటికి ఏం చేశాను? "అంతా బాగుంది" అన్నాను. పోయిన వారం తీసిన ఫోటో పంపాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నోరు దానంతటదే అనేసింది.

బుధవారం దుకాణంలో ఆ పెద్దమనిషి కళ్లజోడు పైకి నెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. గట్టి పగడమా, మెత్తటిదా? నీళ్ల లోతెంత? ఇప్పటిదాకా ఏ లైటు, ఎన్ని గంటలు? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. ఫోన్‌లో ఉన్న ఫోటో చూపించాను.

"ఆ మోడల్ లైటు ఇప్పుడు రావడం లేదు. ఎల్ఈడీకి మారాలి. అయినా దీని సంగతి అసలు యజమానినే అడగండి."

"ఆవిడ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నారు. చెప్పి బాధపెట్టడం ఎందుకని..."

"తుంటి విరిగిందన్నారు. చెవులు బాగానే పనిచేస్తున్నాయి కదా?"

నాకు చురుక్కుమంది. ఇలాంటి మాటలకు మనదగ్గర మనిషి మీద కోపం తెచ్చుకుంటాం, మాటను వదిలేస్తాం. నేనూ అదే చేశాను. ఆయన మూడు లైట్లు చూపించాడు. ఒకటి పొడుగ్గా బద్దలాగా ఉంది. ఒకటి చిన్నదే గానీ ఒక్కచోటే పడుతుంది. మూడోది బాగా శక్తిగలది, ఫోన్‌లోంచి ఏడు రంగుల వెలుగు హెచ్చుతగ్గులు చేసుకోవచ్చు. ఎందుకైనా మంచిదని శక్తిగలదే తీసుకున్నాను. మనకు ఎక్కువది ఎప్పుడూ మంచిదే కదా! ఆయన బిల్లు వెనకాల పెన్నుతో రాసి కింద రెండు గీతలు కూడా గీశాడు: "ముప్పై శాతంతో మొదలు. వారానికి ఐదు శాతమే పెంచాలి. తొందర వద్దు."

పగలంతా నేను ఆఫీసులో పెద్ద పెద్ద సర్వర్లను నడుపుతాను. ఆ ఏడు రంగుల మీటలు మాత్రం నాకు అంతుబట్టలేదు. ముప్పై శాతం పెట్టి చూస్తే హాలంతా మసక నీలం. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటిది, స్లీపర్ బస్సులో బెడ్‌లైట్‌లా ఉంది? పాతది ఇట్టా ఉండేది కాదే."

అవును, పాతది తెల్లగా, పట్టపగల్లా ఉండేది. పగడం ముడుచుకుపోయినట్టు కనిపించింది. ఇక్కడి తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగాను. ఒకరు అక్వేరియం ఈశాన్యంలో ఉందా అని అడిగారు. ఇంకొకరు తన చేపల ఫోటోలు పెట్టారు. అవి మంచినీళ్ల చేపలు. వాటికి నలభై మంది దండాలు పెట్టారు.

శనివారం నాడే ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "రేపు వీడియోలో చూపిస్తారా? నీళ్లు కదలడం చూడాలని ఉంది."

ఆ మసక నీలం చూస్తే ఆవిడకు తెలిసిపోతుంది. "ఇప్పుడెట్ల?" అన్నాను.

మా ఆయన తల గోక్కున్నాడు. "వీడియో అయ్యేంతసేపు ఫుల్లు పెట్టు. తర్వాత తగ్గించెయ్."

పెట్టాను. అన్ని మీటలూ వందకు. హాలు తెల్లగా వెలిగిపోయింది. ఆవిడ ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఎంత బాగుంది! మీరు నా కంటే బాగా చూసుకుంటున్నారు" అంది. కళ్లు తుడుచుకోవడం నాకు కనిపించింది.

తర్వాత తగ్గించాలి. నేను తగ్గించలేదు. మర్చిపోయి కాదు. ఆ వెలుగులో పగడం నిజంగానే బాగా కనబడింది, మరీ ఎర్రగా, నవనవలాడుతూ. పైగా అది నాలుగు రోజులు చీకట్లో పస్తు ఉంది. పస్తున్న మనిషికి ముప్పై శాతం అన్నం పెడతామా? కడుపునిండా పెడతాం, ఇంకో ముద్ద అని బతిమాలుతాం. ఆ దుకాణం ఆయనవన్నీ వీళ్ల లెక్కలు, గ్రాములు తూచి తినే వాళ్ల లెక్కలు అనుకున్నాను. ఒక వారం గట్టిగా వెలుగు పడితే కోలుకుంటుంది, అప్పుడు తగ్గిద్దాం అనుకున్నాను. నా మనసులో ఉన్నది ప్రేమేనని ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. అందుకే ఎక్కువ సిగ్గేస్తుంది.

గురువారం నాటికి కొమ్మల కొసలు తెల్లబడ్డాయి. కొత్త చిగురేమో అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. శనివారానికి సగం తెలుపు. దుకాణానికి ఫోన్ చేస్తే ఆయన ఎంత పెట్టారని అడిగాడు. చెప్పాను. "కాల్చేశారు" అన్నాడు. వెలుగు ఎక్కువైతే పగడం తనలో ఉండి తనకు తిండి పెట్టే నాచును బయటికి కక్కేస్తుందట. రంగంతా ఆ నాచుదేనట. వెంటనే తగ్గించండి, ఇక చేసేదేమీ లేదు, చూస్తూ ఉండడమే అన్నాడు.

చూస్తూ ఉన్నాను. రోజూ ఆఫీసు నుంచి రాగానే కోటు కూడా విప్పకుండా ఆ కుర్చీలో కూర్చునేదాన్ని. తగ్గించాను, గంటలు కుదించాను, గాజుకు పల్చటి బట్ట అడ్డం కట్టాను. వేలికున్న పగడాన్ని కళ్లకద్దుకుని దండం కూడా పెట్టాను, ఎవరికో నాకే తెలియదు. రెండో వారానికి మొత్తం తెల్లబడింది. మూడో వారానికి దాని మీద గోధుమరంగు మురికి నాచు పట్టింది. చేపలు రెండూ ఏమీ ఎరగనట్టు దాని చుట్టూ తిరుగుతున్నాయి.

ఆదివారాలు మాత్రం ఆగలేదు. నా ఫోన్‌లో పాత ఫోటోలు పదిహేను దాకా ఉన్నాయి. వారానికొకటి పంపాను. వీడియో అడిగితే నెట్ సరిగా లేదన్నాను. జర్మనీలో ఈ మాటను నమ్మని మనిషి లేడు.

"ఇంక చెప్పెయ్యవే. ఎన్నాళ్లు దాస్తావ్?" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడెట్ల చెప్త? ఇన్ని ఆదివారాలు అబద్ధం చెప్పినంక? నడుస్తున్నది పాపం. గీ ముచ్చట చెప్తే మల్ల మంచమెక్కదా?"

"ఇంటికొచ్చాక తెలీదా?"

"తెలుస్తది. అప్పటికి కాళ్లన్న బాగైతయ్ కదా."

మా అమ్మ కూడా నాకు ఇదే చెప్పింది అప్పట్లో. "పరీక్షలన్న అయితయ్ కదా అనుకున్నం బిడ్డా."

జనవరిలో ఆవిడ వచ్చింది. నాలుగు చక్రాల ఊతబండి పట్టుకుని, సగమైపోయి. నేను సెలవు పెట్టి, చారు కాచి, గుమ్మం ముందు నిలబడ్డాను. టాక్సీ నుంచి తలుపుదాకా ఇరవై అడుగులు. అడుగు అడుగుకూ ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. ఆవిడ నన్ను చూసి, "చూశారా, నడుస్తున్నాను" అంది. ఆ ముఖం చూసి, ఊతబండికి దారి వదిలి తలుపు తెరిచి పట్టుకున్నాను. ఆవిడ కోటు విప్పకుండానే నేరుగా హాల్లోకి వెళ్లింది.

అక్వేరియం గాజు మీద అరచెయ్యి ఆనించింది.

"ఎప్పుడు?"

"ఆరు వారాలైంది. లైటు కాలిపోయింది. కొత్తది కొన్నాను. ఎక్కువ పెట్టాను."

"పోయిన ఆదివారం పంపిన ఫోటో?"

"పాతది."

"అంతకుముందుది?"

"అదీ పాతదే."

కుర్చీలో మెల్లగా కూర్చుంది. అరిచి ఉంటే బాగుండేది, నేను కాళ్ల మీద పడేదాన్ని. అరవలేదు. "లైటు పోయిన రోజే నాకెందుకు చెప్పలేదు?"

"మీరు ఆసుపత్రిలో ఉన్నారు. బాధపడతారని."

"నేను బాధపడితే మీకేమవుతుంది?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

తాళాల గుత్తి అడిగి తీసుకుని, అందులోంచి చిన్న ఇత్తడి తాళంచెవి విడదీసి నా చేతిలో పెట్టింది. "కింద నేలమాళిగలో మా గది ఉంది. వెళ్లి చూసి రండి."

వెళ్లాను. సన్నటి చెక్క తలుపు. లోపల గోడ వారగా, పాత దుప్పటి చుట్టి, అచ్చం ఆ కాలిపోయినలాంటిదే ఇంకో లైటు పెట్టె ఉంది. పక్కన పొడుగాటి అట్టపెట్టెల్లో ట్యూబులు. ఒక్కో పెట్టె మీద ఒక్కో సంవత్సరం రాసి చీటీలు అంటించి ఉన్నాయి, మగ చేతిరాత, ఇంకా ఆరేళ్లకు సరిపడా. తను ఉండనని తెలిశాక ఆవిడ భర్త కొని పెట్టాడన్నమాట. లైటు పెట్టె మీది చీటీలో రెండు ముక్కలు ఎక్కువ ఉన్నాయి. "నువ్వు స్టూలు ఎక్కకు. ఎవరినైనా అడుగు."

ఆవిడ అడిగింది నన్నే. నాకు తాళం ఇచ్చింది, ఏదైనా తేడా వస్తే ఫోన్ చెయ్యమంది. ఒక్క ఫోన్. ఆ రాత్రే ఆ పెట్టె పైకి తెచ్చి పెట్టుకునేవాళ్లం. ఆ చెక్క తలుపుకు ఆనుకుని నేను ఏడ్చిన ఏడుపు మా అమ్మమ్మ కోసం కూడా ఏడవలేదు.

పైకి వచ్చేసరికి ఆవిడ ఇంకా కోటులోనే ఉంది. "అక్కడ డాక్టర్లు, నర్సులు అందరూ నాకు రోజూ అంతా బాగుందనే చెప్పేవారు" అంది నా వైపు చూడకుండా. "అది వాళ్ల ఉద్యోగం. మీరు చెప్పినప్పుడు నేను నమ్మాను." తర్వాత చెయ్యి చాపింది. నాకు మొదట అర్థం కాలేదు. ఇత్తడి తాళంచెవి ఇంకా నా పిడికిట్లోనే ఉంది.

ఇచ్చేశాను. చారు గిన్నె టేబుల్ మీద పెట్టి వచ్చేశాను. మూడు రోజుల తర్వాత ఆ గిన్నె కడిగి మా తలుపు ముందు పెట్టి ఉంది, మూత సహా.

ఆవిడ కోపంగా లేదు. అదే నాకు తట్టుకోవడం చేతకాకుండా ఉంది. మా పార్సిళ్లు ఇప్పటికీ తీసుకుని పెడుతుంది. మెట్ల దగ్గర ఎదురైతే పలకరిస్తుంది. "ఎలా ఉన్నారు?" అంటుంది. "బాగున్నాను" అంటాను. ఇదివరకు ఆ మాటకు నవ్వి తన దారిన తను వెళ్లిపోయేది. ఇప్పుడు ఊతబండి ఆపి, నా ముఖంలోకి కాసేపు చూసి, అప్పుడు వెళ్తుంది.